నాలుగు, ఐదు తరగతులు: ఇంట్లో అపోహలు, బడిలో వాస్తవాలు

జూన్ 12న బడి తెరిచారంటే మొదటి రెండు వారాలు నాకు పాఠాల కంటే అమ్మానాన్నలతో మాటలే ఎక్కువ. తిరుపతిలో ఒక చిన్న ప్రైవేటు బడిలో నాలుగు, ఐదు తరగతులకు చెబుతున్నాను. అంతకుముందు చిత్తూరులో చెప్పాను. మొత్తం పదిహేడేళ్లయింది. గేటు దగ్గర స్కూటీ ఆపీ ఆపకముందే "మేడం, ఒక్క నిమిషం" అని మొదలుపెడతారు. ఏటా అడిగేవాళ్లు మారతారు గానీ ప్రశ్నలు అవే.

అపోహ: మూడో తరగతి దాకా బాగా చదివేవాడు మేడం, ఇప్పుడు చెడిపోయాడు.

వాస్తవం: వాడు చెడిపోలేదు, చదువు మారింది. మూడు దాకా తప్పుల్లేకుండా పైకి చదివితే పాఠం వచ్చినట్టే లెక్క. ప్రశ్నకు జవాబు పుస్తకంలో ఎక్కడుందో చూసి పెన్సిల్‌తో బ్రాకెట్ పెట్టిస్తాం, పిల్లలు దాన్ని బట్టీ పడతారు, 95 వస్తాయి. నాలుగు నుంచి ప్రశ్నలు అలా ఉండవు. పరిసరాల విజ్ఞానంలో నీళ్ల గురించి పాఠం చదివించి, "మీ వీధిలో నీళ్లు ఎక్కడ వృథా అవుతున్నాయి, ఎలా ఆపవచ్చు?" అని అడుగుతాం. దానికి బ్రాకెట్ ఎక్కడ పెడతారు? ఇన్నాళ్లూ బ్రాకెట్లలో చదివిన పిల్లవాడు అక్కడ తెల్లమొహం వేస్తాడు. 95 కాస్తా 70 అవుతుంది. ఇంట్లో ఫోన్ లాక్కుంటారు.

లెక్కల్లో అయితే ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 612ని 6తో భాగించమన్నాను ఒక పిల్లవాణ్ణి. రఫ్ నోటులో ఇలా చేశాడు: 6లో 6 ఒకసారి పోయింది, పైన 1 వేశాడు. తర్వాతి 1లో 6 పోదు, 2ని కూడా దించుకున్నాడు, 12 అయింది. 12లో 6 రెండుసార్లు, పైన 2 వేశాడు. జవాబు 12. శేషం సున్నా వచ్చింది కాబట్టి వాడికి ఏ అనుమానమూ లేదు. "ఒరే, 612 రూపాయలు ఆరుగురికి పంచితే తలా పన్నెండేనా? ఆరు పన్నెండ్లు ఎంత?" అన్నాను. డెబ్బై రెండు అన్నాడు, ఒక క్షణం ఆగాడు, "అయితే మిగతా డబ్బు ఏమైంది మిస్?" అన్నాడు. వాడికి ఎక్కాలన్నీ వచ్చు, భాగాహారం పద్ధతీ వచ్చు. కానీ 612లో ఆ 6 అంటే ఆరు వందలు అన్న సంగతి, రెండో తరగతి నాటిది, గట్టిగా పడలేదు. అందుకే 102లో మధ్య సున్నా ఎగిరిపోయింది. ఇలాంటివాడికి ఇంకో యాభై భాగాహారాలు ఇచ్చి చేయమంటే యాభైసార్లు అదే తప్పు చేస్తాడు.

దశాంశాలదీ అదే కథ. 3.25, 3.8లలో ఏది పెద్దది అంటే సగం తరగతి 3.25 అంటుంది, 8 కంటే 25 పెద్దది కదా అని. మా కాలంలో పైసలు ఉండేవి, అరువులివ్వని అంగడివాడే ఈ పాఠం చెప్పేవాడు. ఇప్పటి పిల్లలు పైస మొహం చూడలేదు. కూరగాయల అంగట్లో ఎలక్ట్రానిక్ కాటా దగ్గర నిలబెట్టి, 0.250 చూపించి, "ఇది పావు కిలో, మరి 0.8 అంటే ఎంత?" అని అడగండి.

కాబట్టి ప్రోగ్రెస్ కార్డు కంటే ముందు రఫ్ నోటు చూడండి. మార్కు ఎంత పోయిందో కార్డు చెబుతుంది, ఎక్కడ పోయిందో రఫ్ నోటులో ఉంటుంది.

అపోహ: బోర్డు మీద ఉన్నది కూడా తప్పు రాస్తున్నాడంటే అజాగ్రత్తే.

వాస్తవం: ఈ అపోహ తల్లిదండ్రులది కాదు, నాదే. చిత్తూరులో ఉన్నప్పుడు ఒక బాబు బోర్డు మీద 8ని 3 అని, 6ని 0 అని ఎక్కించుకునేవాడు. డైరీలో "అజాగ్రత్త" అని ఎర్ర సిరాతో మూడుసార్లు రాశాను. మూడోసారికి వాళ్లమ్మ వచ్చి, "ఇంట్లో కూడా టీవీకి మొహం ఆనించి చూస్తాడు మేడం" అంది. కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే దూరపు చూపు మందగించిందని అద్దాలు రాశారు. నేను బెంచీ మార్చి చూసినా తెలిసిపోయేది, ఆ ఆలోచనే రాలేదు. ఆ డైరీ ఇప్పటికీ కళ్లముందు మెదులుతుంది. ఈ వయసులో దూరపు చూపు మందగించడం మామూలే, పైగా తమకు సరిగ్గా కనిపించడం లేదని పిల్లలకే తెలియదు. అందరికీ అంతే కనిపిస్తుంది అనుకుంటారు. ఏటా జూన్‌లో బ్యాగు, బూట్లు కొనేటప్పుడే కళ్లూ చూపించండి.

అపోహ: హోంవర్క్ ఎంత ఎక్కువిస్తే అంత మంచి బడి.

వాస్తవం: 2020లో వచ్చిన జాతీయ స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం మూడు నుంచి ఐదు తరగతులకు హోంవర్క్ వారానికి రెండు గంటలకు మించకూడదు. రోజుకు కాదు, వారానికి. ఆరు నుంచి ఎనిమిది దాకా రోజుకు గంట. మూడు నుంచి ఐదు దాకా బ్యాగు బరువు రెండున్నర కిలోల లోపే ఉండాలి. ఈ మాట చెప్తే మా స్టాఫ్ రూమ్‌లోనే నవ్వుతారు. నిజమే, మేమూ అంతకంటే ఎక్కువే ఇస్తున్నాం, ఇవ్వకపోతే "ఏమీ చెప్పడం లేదా?" అని మీరే అడుగుతారు. బడి, ఆ తర్వాత ట్యూషన్, ఆ తర్వాత హోంవర్క్ ముగించి పదిన్నరకు పడుకున్న పిల్లవాడు పొద్దున మొదటి పీరియడ్‌లో నా ముందు తూగుతుంటాడు. ఈ వయసుకు తొమ్మిది నుంచి పన్నెండు గంటల నిద్ర కావాలి.

అపోహ: ఇంగ్లీషు మీడియం కాబట్టి ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడాలి.

వాస్తవం: మీకు తెలుగు వస్తే తెలుగులో, తమిళం వస్తే తమిళంలో మాట్లాడండి. మా తరగతిలో ఇంట్లో తమిళం, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు మాట్లాడే పిల్లలు ఉన్నారు, వాళ్లకేం ఇబ్బంది లేదు. ఇబ్బంది ఎవరికంటే, ఇంట్లో "కమ్, సిట్, ఈట్" తప్ప వేరే మాట వినని పిల్లలకు. ఏ భాషలోనూ వాళ్లకు "ఎందుకంటే", "అయినా సరే" లాంటి మాటలతో పొడవాటి వాక్యం రాదు. 2020-21 నుంచి రాష్ట్ర పాఠ్యపుస్తకాల్లో ఒకే పాఠం ఎదురెదురు పేజీల్లో ఇంగ్లీషులోనూ తెలుగులోనూ ఉంటోంది. ఆ తెలుగు పేజీ చాలా ఇళ్లలో ఎవరూ ముట్టుకోరు. ముందు అది చదివించండి, ఏం అర్థమైందో చెప్పించుకోండి, తర్వాత ఇంగ్లీషు పేజీకి వెళ్లండి.

అపోహ: నవోదయ సీటు కావాలంటే నాలుగు నుంచే కోచింగ్‌లో వేయాలి.

వాస్తవం: నవోదయ అంటే ఆరో తరగతి నుంచి పిల్లలు అక్కడే ఉండి చదివే కేంద్ర ప్రభుత్వ బడి. కోచింగ్ వద్దనను. కానీ ముందు ఆ పరీక్షలో ఏముందో చూడండి. రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. మేధాశక్తికి 50, గణితానికి 25, భాషకు 25. భాష అంటే వ్యాకరణం బట్టీ కాదు, పేరాలు ఇచ్చి ప్రశ్నలు అడుగుతారు, తెలుగులోనే రాయొచ్చు. అంటే చదివి అర్థం చేసుకునే పిల్లవాడికి పావు వంతు మార్కుల పని ఇంట్లోనే అయిపోతుంది. ఆరులో చేరడానికి రాసే ఈ పరీక్ష ఐదో తరగతిలో ఉండగానే, ఒక్కసారే. ఇంకో సంగతి చాలామంది ఆలస్యంగా తెలుసుకుంటారు: సీట్లలో కనీసం 75 శాతం గ్రామీణ పిల్లలకు. ఆ కోటా కావాలంటే మూడు, నాలుగు, ఐదు తరగతులు పూర్తిగా పల్లె బడిలోనే చదివి ఉండాలి. మంచి కోచింగ్ ఉందని ఊళ్లో బడి మాన్పించి నాలుగులో తిరుపతికి తెచ్చి చేర్చే నాన్నలు ఉన్నారు. వాళ్లు ఆ కోటా పోగొట్టుకుని వచ్చి నన్ను కోచింగ్ సెంటర్ అడ్రసు అడుగుతారు! రాష్ట్ర ప్రభుత్వ హాస్టల్ బడులైన అంబేద్కర్ గురుకులాల సంగతి వేరు, అక్కడ ప్రవేశం ఐదో తరగతిలోకి కాబట్టి పరీక్ష నాలుగులోనే రాయాలి.

అపోహ: చిన్న తరగతే కదా, నాలుగు రోజులు మానితే ఏమవుతుంది?

వాస్తవం: ఇది మన తిరుపతి జబ్బు. "బంధువులు దర్శనానికి వచ్చినారు మేడం" అన్న లీవ్ లెటర్లు నా దగ్గర ఒక కట్ట ఉన్నాయి. చుట్టాలు రావడం తప్పు కాదు. పిల్లవాడు రెండు రోజులు కొండకు పోయి వచ్చేసరికి మేం భిన్నాల్లో హారాలు సమానం చేయడం దగ్గర ఉంటాం. వాడు అర, మూడో వంతు కలిపి అయిదింట రెండు అని రాస్తాడు. పైవి పైన, కిందివి కింద కూడేస్తాడన్నమాట. మానక తప్పకపోతే ఆ రెండు రోజులూ ఏ పాఠం జరిగిందో అడిగి కనుక్కోండి.

అపోహ: ఆడపిల్లకు ఆ విషయాలు హైస్కూల్లో చెప్పొచ్చు.

వాస్తవం: ఎనిమిదేళ్ల నుంచే శరీరంలో మార్పులు మొదలు కావచ్చు. ఐదో తరగతిలోనే నెలసరి మొదలైన పిల్లల్ని చూశాను. ముందే తెలిసిన అమ్మాయి నా దగ్గరికి వచ్చి చెవిలో చెప్పింది. తెలియని అమ్మాయి దెబ్బ తగిలిందనుకుని బాత్‌రూమ్‌లోంచి బయటికి రాలేదు. పదేళ్లు నిండకముందే చెప్పేయండి, బ్యాగులో ఒక ప్యాడ్ పెట్టండి. మగపిల్లలకూ చెప్పండి, ఎగతాళి చేసేది వాళ్లే కాబట్టి.

అపోహ: ఐదు గట్టెక్కితే ఆరు అదే వస్తుంది.

వాస్తవం: ఆరులో హిందీ కొత్తగా మొదలవుతుంది, పరిసరాల విజ్ఞానం సైన్సు, సోషల్‌గా విడిపోతుంది, పీరియడ్‌కో టీచర్ వస్తారు. ఐదులో డైరీ నేనే దగ్గరుండి రాయిస్తాను, అక్కడ ఎవరూ రాయించరు. అందుకే సంక్రాంతి సెలవుల తర్వాత నుంచి మా ఐదో తరగతి డైరీల్లో నేను సంతకం మాత్రమే పెడతాను. ఏం రాసుకోవాలో వాళ్లిష్టం. మొదటి వారం ఫోన్లు వస్తాయి, "డైరీలో ఏమీ లేదు మేడం, హోంవర్క్ ఏంటి?" అని. పిల్లనే అడగండి అంటాను.