16కూ 18కీ మధ్య ఉన్న పిల్లలు, చట్టం

చెన్నై, పెరంబూరు

ప్రియమైన పిల్లలకు,

ఆదివారం తెలుగు తరగతి ముగిశాక మీరు అడిగిన ప్రశ్నకు నిలబడి రెండు ముక్కల్లో జవాబు చెప్పడం నాకు ఇష్టం లేకపోయింది. కత్తి పట్టి మనిషిని నరికిన కుర్రవాడికి 17 ఏళ్లే అన్నంత మాత్రాన చట్టం ఎందుకు వదిలిపెడుతుందని అడిగారు. 2023 ఆగస్టులో తిరునెల్వేలి జిల్లా నాంగునేరిలో ఒక దళిత విద్యార్థి ఇంట్లోకి అతని బడి పిల్లలే కొడవళ్లతో చొరబడి, అతణ్ణీ అడ్డుపడిన చెల్లెలినీ నరికారని చదివినప్పుడు ఈ ప్రశ్నే నన్నూ పట్టి కుదిపింది. చాలాకాలం న్యాయవాదిగా బాలల కేసులు నడిపినవాణ్ణి కనుక, తెలిసినది తెలిసినట్టు రాస్తున్నాను.

చట్టం వదిలిపెడుతుందన్నది నిజం కాదు. పిల్లలను పెద్దవాళ్లతో కలిపి విచారించకూడదన్న ఆలోచన మన ఊరికి కొత్తదీ కాదు. 1920 నాటి మద్రాసు బాలల చట్టం దేశంలో అలాంటివాటిలో మొదటిది. 1986లో వచ్చిన కేంద్ర చట్టం మగపిల్లలకు 16 ఏళ్లు, ఆడపిల్లలకు 18 ఏళ్లు హద్దుగా పెట్టింది. 2000 నాటి చట్టం ఇద్దరికీ 18 చేసింది. 2012 డిసెంబరు 16న ఢిల్లీ బస్సులో జరిగిన నిర్భయ ఘోరంలో ఒక నిందితుడికి 18 నిండడానికి కొన్ని నెలలు తక్కువ కావడంతో, చట్టం అనుమతించే గరిష్ఠ కాలం, అంటే మూడేళ్లే అతనికి పడింది. ఆ ఘోరం తరువాత చట్టాల్లో మార్పులు సూచించడానికి వేసిన జస్టిస్ వర్మ కమిటీ వయసు తగ్గించవద్దని 2013లోనే చెప్పింది. అయినా ఆ నిందితుడు విడుదలైన రెండు రోజులకు, 2015 డిసెంబరు 22న, రాజ్యసభ కొత్త బిల్లును ఆమోదించింది. ఇప్పుడు నడుస్తున్నది ఆ బిల్లుతో వచ్చిన 2015 నాటి జువెనైల్ జస్టిస్ (బాలల న్యాయ) చట్టమే.

దాని ప్రకారం 16 నిండినవాడు ఘోర నేరం చేశాడన్న ఆరోపణ వస్తే, పిల్లల మీద వచ్చిన నేరారోపణలను విచారించే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుగా ప్రాథమిక అంచనా వేయాలి. ఆ పని చేయగల శారీరక, మానసిక శక్తి అతనికి ఉందా, పర్యవసానం గ్రహించగలడా, ఏ పరిస్థితుల్లో చేశాడు అన్నవి చూసి, కావాలంటే కేసును బాలల కోర్టుకు పంపుతుంది. అక్కడ పెద్దవాడిలా విచారించినా ఉరిశిక్షగానీ, విడుదలకు వీలులేని యావజ్జీవంగానీ వేయకూడదు. 21 ఏళ్లు వచ్చేదాకా జైలులో పెట్టకూడదు.

బోర్డు గదిని మీరు సినిమా కోర్టులా ఊహించుకోవద్దు. ఎత్తైన వేదిక ఉండదు, బోను ఉండదు. ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు బల్లకు ఒకవైపు కూర్చుంటారు. వెంట వచ్చిన పోలీసు మామూలు దుస్తుల్లో ఉంటాడు. ఎదురుగా కుర్రవాడు తల వంచుకొని ఉంటాడు, వెనక తల్లి ఉంటుంది. "కత్తితో పొడిస్తే ఏమవుతుందో తెలుసా?" అని అడుగుతారు. "తెలుసు సార్, చచ్చిపోతారు" అంటాడు. ఆ ఒక్క జవాబును పట్టుకొని అతనికి పర్యవసానం తెలుసునని రాసేస్తే, అంతకంటే అన్యాయమైన అంచనా ఉండదు. ఏడేళ్ల పిల్లవాడైనా ఆ మాట చెప్పగలడు. స్నేహితుల గుంపులో, కోపంలో ఉన్నప్పుడు అతని బుద్ధి అతని చేతిని ఆపగలిగిందా అన్నది ఎన్నో వారాల తరువాత ప్రశాంతమైన గదిలో తేల్చవలసిన సంగతి. దానికి శిక్షణ కావాలి. నిపుణుల సహాయం తీసుకోవచ్చు అని మాత్రమే చట్టంలో రాశారు. బోర్డులో బాలల మనస్తత్వ శాస్త్రం చదివి, అదే వృత్తిలో ఉన్నవారు లేకపోతే ఆ సహాయం తీసుకొని తీరాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట చట్టంలోకే ఎక్కాలని నా కోరిక.

మీ ప్రశ్నకు అసలు జవాబు మరొక చోట ఉంది. కనీస శిక్ష ఏడేళ్లు, అంతకు మించి ఉన్న నేరాలే ఈ చట్టం దృష్టిలో ఘోర నేరాలు. గరిష్ఠ శిక్ష ఎంత పెద్దదైనా కనీస శిక్ష చెప్పకపోతే ఆ నేరం ఈ కోవలోకి రాదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. 2021 సవరణ కూడా దాన్నే ఖాయం చేసింది. హత్యాయత్నానికి మన శిక్షాస్మృతిలో ఏడేళ్ల కనీస శిక్ష లేదు. కనుక ఇద్దరు కుర్రవాళ్లు ఒకే ఉద్దేశంతో కత్తి దూస్తే, బాధితుడు చనిపోయిన కేసులో ప్రాథమిక అంచనా జరుగుతుంది, ఆసుపత్రి వాళ్లు బతికించిన కేసులో, హత్యాయత్నం ఒక్కటే ఆరోపణ అయితే, జరగదు. తేడా కుర్రవాడి మనసులో లేదు, వైద్యుడి చేతిలో ఉంది. వయసు 14కు దించాలని కేకలు వేసేవారు ఈ లోపాన్ని చూడటం లేదు. అంచనా అవసరమైన నేరాలేవో పార్లమెంటు పేరుపేరునా రాయాలి. హద్దు 16 దగ్గరే ఉండాలి.

బాధితుల మాట కూడా చెప్పాలి. ప్రాథమిక అంచనా గురించి చెప్పే 15వ సెక్షన్‌లో వారి ప్రస్తావనే లేదు. కొడుకును పోగొట్టుకున్న తల్లికి, విచారణ ఎంతవరకు వచ్చిందో చెప్పేవారు లేక, బయట వరండాలో కూర్చోవడమే మిగులుతుంది. ఆమె కోపాన్ని నేను తప్పు పట్టలేను. నిందితుడి పేరు, ఊరు, బడి బయటపెట్టకుండా కాపాడుతూనే, ఆమె మాట వినే ఏర్పాటు చేయవచ్చు.

కుర్రవాడి కేసును బాలల కోర్టుకు పంపకుండా బోర్డే విచారిస్తే అతడు వెళ్లేది ప్రభుత్వ గృహానికి. మారి వస్తాడన్న నమ్మకంతోనే కదా చట్టం అతణ్ణి అక్కడికి పంపుతుంది! 2022 చివర్లో చెంగల్పట్టు గృహంలో 17 ఏళ్ల కుర్రవాడు సిబ్బంది దెబ్బలకు చనిపోయాడన్న కేసులో ఆ సిబ్బందినే అరెస్టు చేశారు. అలాంటి చోటుకు కత్తి పట్టిన పిల్లవాణ్ణి పంపి, మూడేళ్ల తరువాత మెత్తబడి వస్తాడని ఏ బోర్డూ హామీ ఇవ్వలేదు. సలహాదారులు, చదువు చెప్పేవారు, బయటికొచ్చాక ఏడాదిపాటైనా వెన్నంటి చూసే ప్రొబేషన్ అధికారులు ఉండాలి. వీటికి డబ్బు కేటాయించకుండా సెక్షన్లు మార్చుకుంటూ పోతే వచ్చే కేసు నాటికి మళ్లీ ఇదే చర్చ జరుగుతుంది.

వచ్చే ఆదివారం 15వ సెక్షన్ తెలుగు ప్రతి తెస్తాను. అందరం కలిసి చదువుదాం.

మీ తాతయ్య