బరువు తగ్గేటప్పుడు కండను నిలుపుకోవడం ఎలా?

భీమవరం ప్రాంతపు ఆక్వా రైతు ఒకరు ఒక ప్రశ్న పంపారు. అన్నం తగ్గించి, చెరువు గట్ల మీద నడుస్తూ బరువు తగ్గుతున్న ఆయన ఇప్పుడు జిమ్‌లో చేరదలచారు. రోజుకొక అవయవం చొప్పున ఐదారు రోజులు చేయించే పద్ధతి మంచిదా, వారానికి మూడు రోజులు ఒళ్లంతటికీ పని చెప్పే పద్ధతి మంచిదా అన్నది ఆయన సందేహం. బరువు పూర్తిగా తగ్గాకే బరువులెత్తాలని ఎవరో చెప్పారట. ఈ చివరి సలహా తప్పు. అది ఎందుకు తప్పో తెలిస్తే మొదటి ప్రశ్నకు జవాబు దాదాపు దానంతటదే దొరుకుతుంది.

మన పాఠాలు కండరం బొమ్మ గీయించి, భాగాలకు పేర్లు రాయించి వదిలేస్తాయి; అది అనుక్షణం కరుగుతూ, మళ్లీ తయారవుతూ ఉంటుందన్న అసలు సంగతి పిల్లల దాకా రాదు. గోదావరి లంకలను ఎరిగినవారికి మాత్రం ఇది సులభంగా అర్థమవుతుంది. వరద లంకను ఒక అంచున కోస్తుంది, మరో అంచున ఒండ్రు మేట వేస్తుంది. ఏ ఏడాదైనా మిగిలే భూమి ఈ రెండింటి తేడాయే. కండరంలో ప్రొటీన్ విచ్ఛిన్నం కోత, ప్రొటీన్ సంశ్లేషణ, అంటే తయారీ, మేట. తిన్న కొన్ని గంటలు మేటది పైచేయి, రాత్రి నిద్రలో కోతది.

ఆహారం తగ్గించినప్పుడు ప్రధానంగా జరిగేది కోత పెరగడం కాదు, మేట సన్నగిల్లడం. ఎగువన ఆనకట్టలు ఒండ్రును ఆపేస్తే నది ఎప్పటిలా పారుతున్నా దిగువన నేల తరిగిపోతుంది కదా, ఇదీ అంతే. కణంలో శక్తి తగ్గినట్లు పసిగట్టే ఏఎంపీకే అనే ఎంజైము, ప్రొటీన్ తయారీకి ఆజ్ఞలిచ్చే ఎమ్‌టార్‌సి1 సముదాయాన్ని అణచివేస్తుంది. అందుకే కేవలం తిండి తగ్గించి బరువు తగ్గినవారు కోల్పోయే ప్రతి నాలుగు కిలోలలో సుమారు ఒక కిలో కొవ్వు కాదు, కండ వంటి ఇతర భాగమే.

లంక గ్రామాలవారు కోతను ఆపడానికి గ్రోయిన్లు, అంటే ఒడ్డు నుంచి నదిలోకి చొచ్చుకుని ఉండే అడ్డుకట్టలు, కట్టమని అడుగుతారు. గ్రోయిన్ ప్రవాహపు వేగాన్ని తగ్గించి, దాని చెంత ఒండ్రు నిలిచేలా చేస్తుంది. బరువులెత్తడం కండరానికి అటువంటి గ్రోయిన్: తంతువుల మీద పడిన బిగువు ఎమ్‌టార్‌సి1ను మేల్కొలుపుతుంది, ప్రొటీన్ తయారయ్యే ముడిసరుకైన అమైనో ఆమ్లాలు రక్తంలో వచ్చి ఆ కండరంలో నిలుస్తాయి. అందుకే బరువు తగ్గాక కాదు, తగ్గుతున్నప్పుడే బరువులెత్తాలి. అయితే నదిలోని గ్రోయిన్ ఏళ్ల తరబడి ఉంటుంది, కండరంలోనిది రెండు మూడు రోజుల్లో కరిగిపోతుంది. 1997లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, వ్యాయామం చేసిన 3 గంటలకు కండర ప్రొటీన్ సంశ్లేషణ 112 శాతం పెరిగింది. 24 గంటలకు ఆ పెరుగుదల 65 శాతానికి, 48 గంటలకు 34 శాతానికి దిగింది.

కనుక సోమవారం ఛాతీకి మాత్రమే పని చెప్పి మళ్లీ సోమవారం దాకా వదిలేస్తే, ఆ కండరం వారంలో సగానికి పైగా రక్షణ లేకుండా ఉంటుంది. వారపు మొత్తం సెట్లు, అంటే ఆగకుండా చేసే విడతలు, సమానంగా ఉంటే రెండు పద్ధతుల ఫలితాల్లో తేడా చిన్నదేనని పరిశోధనలు చెబుతున్నా, కొత్తవారికి, అందులోనూ తక్కువ తింటున్నవారికి, నేను మూడు రోజుల పద్ధతినే సూచిస్తాను. ఒక రోజు తప్పినా ఏ అవయవమూ పూర్తిగా పస్తుండదు.

వ్యాయామాల ఎంపిక మీద జరిగే చర్చలు నాకు విసుగు. బరువుతో కూర్చుని లేవడం, నడుము నిటారుగా ఉంచి వంగి బరువు లేపడం, నెట్టడం, లాగడం అనే నాలుగు చాలు. ఒక్కొక్కటి రెండు మూడు సెట్లు, సెట్టుకు 8 నుంచి 12 సార్లు, ఇంకో రెండుసార్లు చేయగలిగే ఓపిక ఉండగానే ఆపాలి. 12 సార్లు తేలికైతే కొంచెం బరువు పెంచాలి. క్రమంగా బరువు పెంచే ఈ పద్ధతిని 1945లో అమెరికా సైనిక వైద్యుడు థామస్ డిలోర్మ్ గాయపడిన సైనికుల చికిత్స కోసం వివరించాడు.

డెల్టా ఉక్కపోతలో ఎంత చెమట కారితే అంత కొవ్వు కరిగిందనుకునేవారు చాలామంది. చెమటలో పోయేది దాదాపు అంతా నీరే, కొవ్వు కాదు. 10 కిలోల కొవ్వు దహనమైతే దాదాపు 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా ఊపిరితో బయటకు పోతుంది.

ఇక ఒండ్రు సంగతి. అది రాకపోతే గ్రోయిన్ ఉండీ ప్రయోజనం లేదు. 2016లో ప్రచురితమైన కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ ప్రయోగంలో, 40 శాతం శక్తి లోటుతో, అంటే ఒంటికి కావలసిన దానికన్నా అంత తక్కువ తింటూ, నాలుగు వారాలు కఠిన వ్యాయామం చేసిన యువకులలో, కిలో శరీర బరువుకు రోజుకు 2.4 గ్రాముల ప్రొటీన్ తిన్నవారికి కొవ్వు కాని శరీరభాగం 1.2 కిలోలు పెరిగింది, 1.2 గ్రాములు తిన్నవారికి 0.1 కిలో మాత్రమే పెరిగింది. అంత తినడం అందరికీ సాధ్యం కాదు. మూత్రపిండాల జబ్బున్నవారు వైద్యుని అడగకుండా పెంచనే కూడదు. మిగిలినవారికి 1.2 నుంచి 1.6 గ్రాములు మంచి లక్ష్యం. వరి ప్రొటీన్‌లో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పులో అది పుష్కలం. గుడ్డులో సుమారు 6 గ్రాములు, 100 గ్రాముల రొయ్యల్లో సుమారు 20 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. చెరువు నిండా రొయ్యలు పెంచుతూ ఆవకాయ అన్నంతో సరిపెట్టుకోవడం ఎందుకో నాకు అర్థం కాదు.

చెరువులో రొయ్యల పట్టుబడి రోజుల్లో జిమ్‌కు వెళ్లడం కుదరదని కూడా ఆయన రాశారు. 2011లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, ఎత్తే బరువు తగ్గించకుండా వ్యాయామ పరిమాణాన్ని తొమ్మిదో వంతుకు, వారానికి ఒక్క రోజుకు కుదించినా యువకుల కండ 32 వారాలు నిలిచింది. 60 దాటినవారిలో నిలవలేదు. అందులో పాల్గొన్నవారు తిండి తగ్గించినవారు కాదు. కాబట్టి ఆ వారాల్లో ఆయన ఎత్తే బరువును తగ్గించకుండా, నాలుగు వ్యాయామాలనూ రెండేసి సెట్లు చొప్పున వారానికి ఒకసారైనా చేస్తే మంచిది.