ఉద్యోగంలో నిలబడితే సర్కారిచ్చే డబ్బు: ఆ ఆరు నెలల లెక్క వెనకున్న కథ

మొదటి ఉద్యోగంలో చేరినవాళ్ళకి పీఎం వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన కింద కేంద్రం పదిహేను వేల దాకా ఇస్తానంటోంది, అవి చేరగానే పడిపోవు, ఆరు నెలలు ఉద్యోగంలో కొనసాగాలి, అలా కొనసాగినట్టు రుజువేమో కంపెనీ ప్రతి నెలా పీఎఫ్‌కి అప్‌లోడ్ చేసే ఈసీఆర్ ఫైల్లో (ఉద్యోగుల జీతాలు, పీఎఫ్ కట్టిన లెక్కల జాబితా) ఉంటుంది, అందులో మన పేరు మీద ఒక్క లైను. ఇన్ని రూల్స్ ఎందుకు పెట్టారో అర్థం కావాలంటే 2016 దాకా వెనక్కి వెళ్ళాలి.

ఆ ఏడాది ఆగస్టులో ప్రధాన మంత్రి రోజ్‌గార్ ప్రోత్సాహన్ యోజన వచ్చింది. పీఎఫ్‌లో ఓనరు కట్టే 12 శాతంలో 8.33 పెన్షన్‌కి, 3.67 పీఎఫ్ ఖాతాకి పోతాయి కదా, కొత్తగా తీసుకున్న మనిషి జీతం 15 వేల లోపుంటే ఆ 8.33 శాతం మూడేళ్ళపాటు మేమే కడతాం అంది సర్కారు, బట్టల తయారీ యూనిట్లకైతే మిగతా 3.67 కూడా. 2018 ఏప్రిల్ నుంచి అన్ని రంగాలకీ 12 శాతం మొత్తం ఇచ్చారు, అంటే 15 వేల జీతగాడి మీద ఓనరుకి నెలకి 1,800 మిగిలినట్టే. 2019 మార్చి 31తో కొత్త రిజిస్ట్రేషన్లు ఆపేశారు.

ఇక్కడ మనిషి నిలబడ్డాడా లేదా అని గట్టిగా అడిగినవాళ్ళు లేరు, కొత్తవాడా కాదా అన్నది కొత్త యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడికిచ్చే నంబరు) ఉందా అని చూశారు. దాంతో ఏమైందంటే అప్పటికే పీఎఫ్‌లో ఉన్నవాళ్ళకి ఇంకో యూఏఎన్ తీసి కొత్తవాళ్ళలా చూపించిన సంస్థలు బయటపడ్డాయి, పీఎఫ్ నడిపే సంస్థ ఈపీఎఫ్‌ఓ లెక్కలు తిరగేసి డబ్బు వెనక్కి రాబట్టాల్సి వచ్చింది. నా ఉద్దేశంలో యూఏఎన్ కోసం ఈ రోజు మనం పడుతున్న ఫేస్ అథెంటికేషన్ (ముఖం చూపించి రుజువు చేసుకోవడం) తిప్పలన్నిటికీ మూలం అదే, నిజాయితీగా కట్టిన చిన్న ఓనర్లు కూడా ఆ భారం మోస్తున్నారు.

కరోనా వచ్చాక పద్ధతి మారింది. ఆత్మనిర్భర్ భారత్ రోజ్‌గార్ యోజన 2020 అక్టోబర్ 1 నుంచి అమలు, వెయ్యి మంది లోపు సంస్థల్లో కొత్తవాళ్ళకి ఉద్యోగి, ఓనరు ఇద్దరి వాటా కలిపి 24 శాతం సర్కారే కట్టింది, అంతకన్నా పెద్దవాటిలో ఉద్యోగి వాటా 12 శాతం మాత్రమే, రెండేళ్ళపాటు. లాక్‌డౌన్‌లో ఉద్యోగం పోయి మళ్ళీ చేరినవాళ్ళనీ లెక్కలోకి తీసుకున్నారు, అది చాలా మంచి పని. ఇందులో బేస్‌లైన్ కూడా ఉంది. 2020 సెప్టెంబర్ ఈసీఆర్‌లో ఎంతమంది ఉన్నారో అదే గీత, ఆ గీత మీద 50 మంది లోపు సంస్థ కనీసం ఇద్దర్ని, అంతకన్నా పెద్దదైతే ఐదుగుర్ని అదనంగా పెట్టాలి, పాతవాళ్ళని తీసేసి ఆ స్థానంలో కొత్తవాళ్ళని చూపిస్తే కుదరదు.

ఇక 2024 జులై బడ్జెట్‌లో ఉపాధి ప్రోత్సాహకాలు ప్రకటించారు, 2025 జులై 1న కేబినెట్ ఓకే చేసింది, 99,446 కోట్లు, ఆగస్టు 1 నుంచి పీఎం వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన పేరుతో మొదలైంది. ఇందులో జీతం పరిమితి లక్షకి పెంచారు. మొదటిసారి పీఎఫ్‌లోకి వచ్చినవాళ్ళకి ఒక నెల జీతం, గరిష్ఠంగా 15 వేలు, రెండు విడతల్లో, ఆరు నెలలకి ఒకటి, పన్నెండు నెలలయ్యాక ఆర్థిక అక్షరాస్యత కోర్సు పూర్తిచేస్తే రెండోది. ఓనరుకి ఒక్కో అదనపు ఉద్యోగి మీద నెలకి 3 వేల దాకా రెండేళ్ళు, తయారీ రంగమైతే నాలుగేళ్ళు, అది కూడా ఆ ఉద్యోగి కనీసం ఆరు నెలలు కొనసాగితేనే. అంటే చేర్చుకున్నందుకు కాకుండా నిలబెట్టుకున్నందుకు డబ్బు ఇవ్వడం అనేది ఇక్కడ వచ్చింది, ఉద్యోగి వాటా ఆధార్‌తో లింకైన బ్యాంకు ఖాతాలోకి, ఓనరు వాటా పాన్‌తో లింకైన ఖాతాలోకి.

ఇప్పుడు ఈసీఆర్‌లో మన పేరు మీదుండే ఆ లైను దగ్గరికి వద్దాం. యూఏఎన్, పేరు, గ్రాస్ జీతం, పీఎఫ్ జీతం, కట్టిన మొత్తాలు, చివర్లో ఎన్‌సీపీ డేస్ అని జీతం లేని రోజుల లెక్క. తర్వాతి నెల 15వ తేదీ లోపు ఇది అప్‌లోడ్ అవ్వాలి, డబ్బు కట్టాలి. ఓనరు రెండు నెలలు కట్టకుండా ఊరుకుంటే కుర్రాడు రోజూ డ్యూటీకి వెళ్ళినా పీఎఫ్ పాస్‌బుక్‌లో ఆ నెలలు ఉండవు. సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ పనుల్లో ఇంకో బాధ, కాంట్రాక్టర్ మారితే మనిషి అదే గేటు దగ్గర నిలబడి ఉంటాడు, రికార్డులో మాత్రం పాత చోట మానేసి కొత్త చోట చేరినట్టు పడుతుంది. మన తెలుగువాళ్ళకి పేర్ల గొడవ ఒకటి ఎక్స్‌ట్రా, టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందు, ఆధార్‌లో ఒక్క అక్షరం, బ్యాంకులో చివర, ఇవి కలవకపోతే యూఏఎన్ దగ్గరే ఆగిపోతాం. 2025 ఆగస్టు నుంచి కొత్త యూఏఎన్ మామూలుగా ప్రభుత్వ సేవల ఉమంగ్ యాప్‌లో ముఖం చూపించే తీసుకోవాలి.

ఇంత డబ్బు మనిషి నిలబడటం మీద ఆధారపడి ఉన్నప్పుడు ఆ రికార్డు రాసే పెన్ను మొత్తం ఓనరు చేతిలోనే ఉండటం నాకు నచ్చట్లేదు, అటెండెన్స్ రిజిస్టరు, జీతం స్లిప్పు కూడా రుజువుగా తీసుకునే దారి ఉద్యోగికి ఉండాలి. అప్పటిదాకా చేయగలిగింది, చేరిన రోజు అపాయింట్‌మెంట్ లెటర్ కాపీ అడిగి తీసుకోండి, ప్రతి నెలా 20 దాటాక పాస్‌బుక్ తెరిచి ఆ నెల పడిందా, చేరిన తేదీ సరిగ్గా ఉందా చూసుకోండి, పడకపోతే ఆ వారమే అడగండి, ఆరు నెలలు ఆగొద్దు. ఈ పథకం కింద 2027 జులై 31 దాకా చేరొచ్చు, చివరి నెలలో చేరినవాళ్ళ రెండో విడతకి 2028 జులై దాకా ఈ లైన్లన్నీ తెగకుండా ఉండాలి.