రొయ్య తల ఎందుకు నల్లబడుతుంది?

కడపకు సముద్రం లేదు. నెల్లూరు వైపు చెరువుల్లోని వెన్నామి రొయ్య థర్మకోల్ పెట్టెల్లో ఐసు మీద ఇక్కడికి చేరుతుంది. ఎండ ముదిరి ఐసు కరిగిందంటే ముందు తలలు నల్లబడతాయి, తర్వాత పెంకు అతుకులు. కుళ్లిపోయిందని బేరం తగ్గించేవాళ్లే ఎక్కువ. నిజానికి ఆ నలుపు రాగి పని.

రొయ్య రక్తంలో ఎర్రకణాలు ఉండవు. ఆక్సిజన్‌ను మోసే హీమోసయనిన్ అనే ప్రోటీన్ నేరుగా ద్రవంలో కరిగి తిరుగుతుంది. దాదాపు 75 వేల డాల్టన్ల (అణువుల బరువు కొలిచే ప్రమాణం) బరువుండే దాని ఒక్కో ముక్కలో రాగి పరమాణువులు రెండే. ఒక్కోదాన్ని మూడేసి హిస్టిడిన్లు (ప్రోటీన్‌లోని ఒక రకం అమైనో ఆమ్లాలు) పట్టి ఉంచుతాయి. ఆ రెండింటి నడుమ ఒక ఆక్సిజన్ అణువు ఇరుక్కుంటే రక్తం నీలంగా మారుతుంది, వదిలేస్తే రంగు పోతుంది. అలాంటి ఆరు ముక్కలు ఒక గుత్తి. అంటే 12 రాగి పరమాణువులు మోసేది 6 ఆక్సిజన్ అణువులనే!

నడిసముద్రంలో లీటరు నీటికి ఒక మైక్రోగ్రాము రాగి కూడా దొరకదు. మేత ద్వారా, మొప్పల ద్వారా వచ్చినదాన్ని రొయ్య తలలోని గుజ్జులో దాచుకుంటుంది. రాగి విడిగా తిరిగితే కణాన్ని కాల్చేస్తుంది కాబట్టి మెటల్లోథయోనిన్ ప్రోటీన్‌లోని గంధకం దాన్ని పట్టేస్తుంది. కాడ్మియం అనే విష లోహం కూడా ఆ గంధకానికే అతుక్కుంటుంది. అందుకే కలుషితమైన నీటిలో పెరిగిన రొయ్యకు కండ కన్నా తల గుజ్జులోనే ఆ విషం ఎక్కువ.

ఇక నలుపు సంగతి. ఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైములో కూడా ఇలాంటి రాగి జంటే ఉంటుంది. బతికున్నప్పుడు అది నిద్రాణంగా ఉండి, గాయమైతే లేచి మెలనిన్ అనే నల్లటి పదార్థంతో పూడుస్తుంది. చచ్చాక జీర్ణరసాలు కారి దాన్ని లేపేస్తాయి. అది టైరోసిన్ అనే అమైనో ఆమ్లాన్ని క్వినోన్ అనే పదార్థంగా మారుస్తుంది, క్వినోన్లు పేరుకుని మెలనిన్ అవుతుంది. హీమోసయనిన్ కూడా ఈ పనికి దిగుతుంది.

ఫ్రీజర్‌లో పెడితే ఎంజైము చావదు. మంచు విడవగానే మళ్లీ మొదలు. 1.25 శాతం సోడియం మెటాబైసల్ఫైట్ అనే మందు కలిపిన నీటిలో ఒక నిమిషం ముంచడం వాడుకలో ఉంది. అది క్వినోన్లను అడ్డుకుంటూ తానే ఖర్చయిపోతుంది, అయిపోగానే నలుపు తిరిగొస్తుంది. మోతాదు పెంచితే మందు మిగిలిపోతుంది, ఉబ్బసం ఉన్నవాళ్లకు ప్రమాదం. ఇంట్లోనైతే తెచ్చిన వెంటనే తల తీసి, కడిగి, ఐసులో పెట్టాలి. ఉడికిస్తే ఎంజైము పని పూర్తిగా ఆగిపోతుంది. కొనేటప్పుడు రంగు కన్నా ముక్కును నమ్మండి: అమ్మోనియా ఘాటు, జిగురు ఉంటే తెల్లటి రొయ్యనైనా వదిలేయండి.