ఆ భుజాన్ని ఎవరు పైకెత్తారు? మూడో రిచర్డ్ చిత్రాలు: అపోహలు - వాస్తవాలు

పాత చెక్క పలకల మీద వేసిన చిత్రాలను శుభ్రం చేయడం, పెచ్చులూడే రంగును తిరిగి పలకకు అతికించి నిలబెట్టడం నా వృత్తి. ఇంగ్లండ్‌లో ఈ పని చేయడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. ఇన్నేళ్లలో నా బల్ల దగ్గరికి వచ్చినవాళ్లు అందరికన్నా ఎక్కువగా అడిగింది ఒకే ఒక్క రాజు గురించి. 1483 జూన్‌లో గద్దెనెక్కి, 1485 ఆగస్టు 22న బోస్‌వర్త్ యుద్ధంలో తన ముప్పై రెండో ఏట నేలకూలిన ఇంగ్లండ్ రాజు మూడో రిచర్డ్ గురించి. షేక్స్‌పియర్ నాటకం పుణ్యమా అని లోకానికి ఆయన గూనివాడైన దుష్టుడిగానే గుర్తు. గత నెలలో మళ్లీ అదే ప్రశ్న ఎదురైంది. ఈసారి అడిగిన పెద్దాయన చేతులు వణుకుతుండటం చూశాక, విడివిడిగా ఒక్కొక్కరికి చెప్పేకన్నా ఒకసారి రాసి పెట్టడం మేలనిపించింది.

ఆయన పదవీ విరమణ చేసిన బడిపంతులు. పాత కంబళిలో చుట్టి తెచ్చిన పలక మీద నల్లటి టోపీ, సన్నటి ముఖం, ఒకదాని కన్నా ఒకటి ఎత్తుగా ఉన్న భుజాలు, పైన బంగారు అక్షరాలతో రాజు పేరు ఉన్నాయి. "రాజు జీవించి ఉండగా చిత్రించినది" అని అమ్మినవాళ్లు కాగితం మీద రాసిచ్చారట. ఆ ఒక్క మాట కోసం ఆయన తన పింఛను సొమ్ములో పెద్ద ముక్కనే కోసిచ్చారు.

అపోహ: చెక్క పాతది, పైన పేరుంది, కాబట్టి రాజును ఎదురుగా కూర్చోబెట్టుకుని వేసిన చిత్రమే.

వాస్తవం: మూడో రిచర్డ్ బతికుండగా రంగులతో వేసిన ముఖచిత్రం ఒక్కటి కూడా నేటికి మిగలలేదు. ఈ వాక్యాన్ని అమ్మేవాళ్లు చెప్పరు కాబట్టి కొనేవాళ్లే గుర్తుంచుకోవాలి. మిగిలినవాటిలో అతి పాతవి రెండు. లండన్‌లో పాత వస్తువులను అధ్యయనం చేసే పండితుల సంస్థ సొసైటీ ఆఫ్ యాంటిక్వరీస్ వద్ద ఉన్న, పైభాగం కమానులా వంపు తిరిగిన చట్రంలోని చిన్న చిత్రం ఒకటి. రాజకుటుంబ సేకరణలో ఉన్నది రెండోది. ఈ రెండో దానిని 1504కూ 1520కీ మధ్య వేశారని లెక్కగట్టారు. అంటే రాజు పోయి దాదాపు రెండు మూడు దశాబ్దాలు గడిచాక, ఆయన్ని ఓడించిన ట్యూడర్ వంశం గద్దె మీద స్థిరపడ్డాక వేసినదన్నమాట. ఇవి ఇప్పుడు కనబడకుండా పోయిన మూలచిత్రాలకు నకళ్లు అయి ఉంటాయని పండితులు భావిస్తారు. పుస్తకాల అట్టల మీద మనం తరచుగా చూసే నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ చిత్రమైతే పదహారో శతాబ్దం చివరిది, అంటే నకలుకు నకలు.

ఇది ఊహాగానం కాదు, చెక్కే చెబుతుంది. ఆ కాలపు పలకల్లో చాలావరకు బాల్టిక్ తీరం నుంచి ఓడల్లో వచ్చిన ఓక్ చెక్కతో చేసినవి. పలక అంచును శుభ్రం చేసి భూతద్దం కింద పెడితే, ఏడాదికొకటి చొప్పున చెట్టు వేసుకున్న వలయాలు సన్నగా, వెడల్పుగా, మళ్లీ సన్నగా వరుసగా కనబడతాయి. వర్షాలు బాగా పడిన ఏడు వెడల్పు వలయం, కరువు ఏడు ఇరుకు వలయం. ఆ క్రమాన్ని ఇదివరకే తేదీలు తెలిసిన చెట్ల క్రమంతో సరిపోల్చి, చిట్టచివరి వలయం ఏ ఏడాదిదో నిపుణులు చెప్పగలరు. పలక చేసేటప్పుడు బెరడు కింది లేత చెక్కను చెక్కి పారేస్తారు కాబట్టి, దానికి మరికొన్నేళ్లు కలపాలి. పెద్దాయన తెచ్చిన పలకలో చివరి వలయం 1570ల నాటిదని తేలింది. రిచర్డ్ చనిపోయిన ఎనభై ఏళ్ల తర్వాత కూడా ఆ చెట్టు ఎక్కడో అడవిలో పచ్చగా నిలబడే ఉంది. ఈ మాట ఆయనకు చెప్పడానికి ముందు నేను రెండు కప్పుల టీ తాగాను.

అయితే ఆ పలక నకిలీ సరుకు కాదు. ఎలిజబెత్ రాణి కాలంలో సంపన్నుల భవనాల్లో పొడవాటి నడవాలుండేవి. ఆ గోడల మీద రాజులందరినీ వరుసగా వేలాడదీయడం ఆనాటి హోదాకు గుర్తు. చిత్రశాలల్లో పనివాళ్లు ఒకే నమూనాను మళ్లీ మళ్లీ పలకల మీదికి దించి, జట్లు జట్లుగా అమ్మేవారు. హార్న్‌బీ కోట నుంచి వచ్చిన పదహారు చిత్రాల జట్టు ఒకటి నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉంది. అటువంటి వరుసల్లో 1087లో చనిపోయిన మొదటి విలియమ్‌కు కూడా దర్జాగా ఒక ముఖం ఉంటుంది. అది వేసినవాడికి ఆ ముఖం గురించి మనకు తెలిసినదానికన్నా ఎక్కువ తెలియదు. కృష్ణదేవరాయలు అనగానే తెలుగువాళ్ల కళ్ల ముందు నిలిచే సినిమా రూపం లాంటిదే ఇదీ. అందులో మోసం లేదు, దాన్ని ఫొటోగా భావించడంలోనే చిక్కంతా ఉంది.

మధ్యయుగపు రాజులెవరికీ అసలు ముఖచిత్రాలే లేవన్న రెండో అతి కూడా వినబడుతూ ఉంటుంది. అదీ సరికాదు. రెండో రిచర్డ్ సింహాసనం మీద కూర్చున్న నిలువెత్తు చిత్రం వెస్ట్‌మినిస్టర్ అబీలో ఉంది. 1390లలో, ఆయన జీవించి ఉండగానే వేసినది. ఆ చిత్రం ప్రస్తావన మళ్లీ కింద వస్తుంది, ఎందుకంటే నా భయాలన్నింటికీ అదే మూలం.

అపోహ: గూని తర్వాత ఎవరో పూసిన రంగు, దాన్ని తుడిచేస్తే అసలైన రాజు బయటపడతాడు.

వాస్తవం: మనుషులకు డబ్బు పోగొట్టేది మొదటి అపోహ అయితే, చిత్రాన్నే పోగొట్టేది ఇది. సగం నిజం కావడమే దీని ప్రమాదం. రాజకుటుంబ సేకరణలోని చిత్రాన్ని ఎక్స్-రే తీసినప్పుడు, ఇప్పుడు కనిపించే భుజం గీతకు కింద మరో గీత కనబడింది. మొదటి చిత్రకారుడు రాజు కుడి భుజాన్ని దాదాపు సమంగానే వేశాడు. తర్వాత ఇంకెవరి చెయ్యో ఆ గీతను పైకి జరిపింది, కళ్లను కూడా కాస్త ఇరుకు చేసింది. సీసం కలిసిన తెల్లరంగు ఎక్స్-రేలో తెల్లగా మెరుస్తుంది, మట్టిరంగులు నీడలా మిగులుతాయి. ఆ ఫిల్మును వెలుగుతున్న పెట్టె మీద పరిచి చూస్తే, ఒకే మనిషికి రెండు భుజాలు, ఒకటి ప్రశాంతంగా, ఒకటి ఎగబాకుతూ, ఒకే చోట కనబడతాయి. మొదటిసారి చూసినవాళ్లెవరికైనా దూది, ద్రావకం పట్టుకుని పైపూతను తుడిచేయాలనే అనిపిస్తుంది. నాకూ అనిపించింది.

కానీ ఆ పైపూత కూడా చరిత్రే. ఒక రాజును ఓడించినవాళ్ల తరం ఆయన్ని ఎలా చూడాలనుకుందో చెప్పే సాక్ష్యం ఆ అంగుళం మేర ఉన్న రంగులోనే ఉంది. అంతేకాదు, మార్పు ఎప్పుడూ ఒకే దిక్కున సాగదు. సొసైటీ ఆఫ్ యాంటిక్వరీస్ వద్దే విరిగిన కత్తి పట్టుకున్న రిచర్డ్ చిత్రం మరొకటి ఉంది. పదహారో శతాబ్దపు రెండో పాదం ప్రాంతంలో వేసినది. విరిగిన కత్తి విరిగిన రాజ్యాధికారానికి గుర్తు. అందులో భుజాన్ని మొదటే బాగా ఎత్తి వేశారు. తర్వాత కాలంలో, రాజు మీద జాలి పుట్టిన రోజుల్లో, మరొకరు దాన్ని తగ్గించారు. ఒక చిత్రంలో పైపూత గూనిని పెట్టింది, ఇంకొక చిత్రంలో పైపూతే గూనిని తీసింది. ఇక "పైపూత అబద్ధం, అడుగున ఉన్నది నిజం" అనే సూత్రం పట్టుకుని ఎక్కడికి వెళ్తాం?

రెండో రిచర్డ్ చిత్రం సంగతి ఇక్కడే చెప్పాలి. శతాబ్దాలుగా దాని మీద పూసిన రంగులను 1866లో చిత్రకారుడు జార్జ్ రిచ్‌మండ్ ఆధ్వర్యంలో తొలగించారు. ముఖం విషయంలో అది గొప్ప మేలే చేసింది. కానీ వెనక ఉన్న, ఉబ్బెత్తుగా తీర్చి బంగారు రేకు అద్దిన నగిషీని కూడా తర్వాతి కాలపుదని పొరపాటుపడి తీసేశారు. అది అసలుదే. తీసేసిన రంగును తిరిగి తేలేం. అంత పేరున్నవాళ్లే అలా తప్పటడుగు వేశారంటే, వీడియో చూసి బంగాళాదుంప ముక్కతోనో, సబ్బునీళ్లతోనో ఇంట్లో చిత్రాన్ని రుద్దేవాళ్లను ఏమనాలి? అలా రుద్దిన పలక ఒకటి నా దగ్గరికి వచ్చింది. రాజు గడ్డం ఉండాల్సిన చోట ఓక్ చెక్క పోగులు బయటపడి ఉన్నాయి. దయచేసి రుద్దకండి. పొడి కుంచెతో కూడా వద్దు.

అపోహ: గూని, భుజాల తేడా మొత్తం ట్యూడర్ల కట్టుకథ.

వాస్తవం: ఎక్స్-రే సంగతి బయటకు వచ్చాక చాలామంది ఈ గట్టుకు దూకారు. 2012లో లెస్టర్ నగరంలో కార్లు నిలిపే స్థలం కింద, ఒకప్పటి గ్రేఫ్రయర్స్ మఠం ఉన్న చోట, ఆయన అస్థిపంజరం దొరికింది. ఆ వెన్నెముక పక్కకు మెలి తిరిగి ఉంది. దాన్నే స్కోలియోసిస్ అంటారు. గూని లేదు, ఎండిపోయిన చెయ్యి లేదు, కుంటి నడక ఉండి ఉంటుందనడానికి ఆధారం లేదు. కుడి భుజం మాత్రం కాస్త ఎత్తుగా ఉండి ఉంటుంది. మంచి దర్జీ, ఒంటికి సరిగ్గా కొలిచి చేసిన కవచం ఉంటే అది ఇట్టే కనబడకపోయేదని వెన్నును పరిశీలించిన నిపుణులు రాశారు.

ఇక్కడే నాకు మహా ఇష్టమైన వింత ఉంది. ట్యూడర్ల కాలంలో ఈ రాజు చరిత్ర రాసిన థామస్ మోర్ ఎడమ భుజం ఎత్తన్నాడు. రాజకుటుంబ చిత్రాన్ని దిద్దిన అనామకుడు మాత్రం కుడి భుజాన్నే ఎత్తాడు. దురుద్దేశంతో వేశాడో, ఎవరో చెప్పింది విని వేశాడో గానీ, ఆ కల్పన ఎముకలు చెప్పే వైపుకే వాలింది. జాన్ రౌస్ అనే వారిక్ పూజారి కథ ఇంకా రుచిగా ఉంటుంది. రాజు బతికుండగా తాను తయారు చేసిన వంశావళి చుట్టలో ఆయన్ని కవచంతో, భుజాల్లో ఏ తేడా లేకుండా గీసి, మంచి ప్రభువని మెచ్చుకున్నాడు. రాజు పోయాక, ఆయన్ని ఓడించి గద్దెనెక్కిన ఏడో హెన్రీ కోసం రాసిన చరిత్రలో, ఈ రిచర్డ్ తల్లి కడుపులో రెండేళ్లుండి, పళ్లతోనూ భుజాల దాకా జుట్టుతోనూ పుట్టాడని రాశాడు. అన్నట్టు, కుడి భుజం ఎత్తని రాసిందీ ఆయనే. అబద్ధాల మూటలో నిజం కూడా దొర్లుతుంది.

లెస్టర్‌లో మూడో రిచర్డ్ సమాధి దగ్గర ఒకసారి మన తెలుగావిడ నన్ను పలకరించారు. కొడుకు దగ్గరికి వచ్చారట. పక్కన పదమూడేళ్ల మనవరాలు, చొక్కా కింద వెన్నుకు కట్టిన పట్టీ గట్టితనం తెలుస్తూనే ఉంది. "ఏమ్మా, ఈ రాజుకున్నదీ మా పిల్లకున్నదీ ఒకటేనటగా? రేపు దీనికీ అలా గూని వచ్చేస్తుందా?" అని గొంతు తగ్గించి అడిగారు. ఆవిడ గుండెల్లో ఉన్నది అస్థిపంజరం కాదు, షేక్స్‌పియర్ నాటకం వేసే నటుల వీపు మీది దిండు. "పిన్నిగారూ, వైద్యం సంగతి డాక్టరుగారే చెప్పాలి. నాకు తెలిసింది బొమ్మల సంగతి. ఆ గూని బొమ్మల్లోనూ నాటకాల్లోనూ ఉంది, ఈయన ఎముకల్లో లేదు. వంగిన వెన్నుతోనే ఈయన గుర్రమెక్కి యుద్ధం చేశాడు" అన్నాను. పిల్ల అప్పటిదాకా ఫోను చూస్తున్నదల్లా తలెత్తి, "గుర్రం మీదా?" అంది.

మిగిలినవి గబగబా చెప్పేస్తాను. ఆయన వేలి ఉంగరాన్ని తిప్పుకోవడం అపరాధభావానికి గుర్తని చెప్పే కథలు నమ్మకండి. ఆ కాలపు ముఖచిత్రాల్లో ఉంగరం పట్టుకున్న చేతులు కోకొల్లలు. చిత్రకారుడు హోగార్త్ 1745లో వేసిన, లివర్‌పూల్‌లోని వాకర్ గ్యాలరీలో ఉన్న భారీ చిత్రం రాజుది కాదు, పీడకల నుంచి ఉలిక్కిపడి లేచే రాజు వేషంలోని నటుడు డేవిడ్ గారిక్‌ది; దానికి రెండు వందల పౌండ్లు పలకడం ఆనాడు పెద్ద విశేషం. రిచర్డ్ చంపించాడని చాలామంది అనుమానించే, లండన్ టవర్‌లో మాయమైన ఆయన అన్న కొడుకులు ఇద్దరు రాకుమారులను చిత్రకారులు డెలారోష్ 1830లో, మిల్లే 1878లో వేశారు. రెండింటిలోనూ రిచర్డ్ కనిపించడు, అయినా చూసినవాళ్లందరూ ఆయనకే శిక్ష వేసి బయటకు వస్తారు. చిత్రకళ చేసే నిందారోపణకు ఇంతకన్నా నేర్పైన ఉదాహరణ నాకు తెలియదు. కానీ అవి హత్యకు సాక్ష్యం కావు, సంఘటన జరిగిన మూడు, నాలుగు శతాబ్దాల తర్వాతి ఊహలు.

పుర్రె ఆధారంగా 2013లో తయారుచేసిన ముఖం "అసలు ఫొటో" కాదు. ఎముకల ఆకారం పుర్రె చెప్పింది, కళ్ల రంగూ జుట్టు రంగూ పాత చిత్రాల నుంచి తెచ్చుకున్నవి. మరుసటి ఏడాది వచ్చిన జన్యు పరిశోధన నీలికళ్లకు 96 శాతం, చిన్ననాటి లేతరంగు జుట్టుకు 77 శాతం అవకాశం ఉందని చెప్పి, ఆ రంగులకు అన్నింటికన్నా దగ్గరగా ఉన్నది కమాను చట్రంలోని ఆ చిన్న చిత్రమేనని తేల్చింది.

పెద్దాయన పలక మూడు వారాలు నా దగ్గర ఉంది. పసుపెక్కిన వార్నిష్‌ను పలచన చేశాను, లేస్తున్న రంగు అంచులను అతికించాను. ఎక్స్-రేలో ఆ చిత్రంలోనూ భుజం గీత రెండుసార్లు జరిగినట్టు కనబడింది. తుడిచేయమంటారా అని ఆయనే అడిగారు. వద్దన్నాను. ఆయన ఫిల్మును వెలుగు ముందు పెట్టి చాలాసేపు చూశారు. "నన్ను మోసం చేశారు గానీ ఇది మోసం చేయలేదు" అన్నారు. పలక వెనక పాత చీటీని తీయకుండా, దాని పక్కన పెన్సిల్‌తో కొత్త చీటీ రాసి అంటించాం: పదహారో శతాబ్దం చివరిది, చిత్రకారుడెవరో తెలియదు, కుడి భుజం మీద పైపూత ఉంది, తీయలేదు.