కుట్టు నోట్‌బుక్: అపోహలు - వాస్తవాలు

"అక్కా, కొలతలన్నీ రాసే పెట్టుకున్నాను. అయినా ఈసారి లూజుగా వచ్చింది."

కుట్టు నేర్పేవాళ్లలో ఈ మాట విననివాళ్లు ఉండరు. పుస్తకం తెచ్చి చూపిస్తారు కూడా. తెరిస్తే ఛాతీ 36, నడుము 30, భుజం 14 అని ముత్యాల్లాంటి అక్షరాలు. నేను అడిగేది ఒక్కటే: ఈ 36 ఏమిటి? ఒంటి కొలతా, కుట్టిన బట్ట కొలతా? చాలామంది దగ్గర జవాబు ఉండదు. అందుకే అన్నిటికంటే ఎక్కువ బట్టను పాడుచేసే అపోహతోనే మొదలుపెడుతున్నాను. మిగతావి తర్వాత గబగబా చెప్పేస్తాను.

అపోహ: కొలతలు రాసుకుంటే చాలు, అదే రికార్డు.

కాదు. ఏ కొలతో చెప్పకుండా అంకె ఒక్కటే రాసుకోవడం కంటే అసలు రాయకపోవడమే నయం. రాయనివాళ్లు మళ్లీ టేపు తీస్తారు. రాసినవాళ్లు పుస్తకాన్ని నమ్మి నేరుగా కత్తెర తీస్తారు.

లెక్క చూడండి. ఒంటి కొలత 34. లూజు 2 కలిపితే రెడీ కొలత 36. పుస్తకంలో మాత్రం ఒట్టి 36 అని రాశారు. కొన్నాళ్ల తర్వాత అదే మనిషికి మళ్లీ కుడుతూ, ఆ 36 ఒంటి కొలతే అనుకుని, అలవాటు కొద్దీ ఇంకో 2 కలుపుతారు. 38 అయింది. మూడోసారి ఆ 38నే చూసి కుడితే సంగతి చెప్పక్కర్లేదు.

దీనికంటే మోసం చేసేది పావు కొలత. 36లో పావు 9. పక్క కుట్టుకు అర అంగుళం కలిపి 9½ దగ్గర మార్కింగ్ పెడతారు. పుస్తకంలోనూ ఆ 9½నే ఎక్కిస్తారు. తర్వాతిసారి "కుట్టుకు వదలాలి కదా" అని మళ్లీ అర కలిపి 10 పెడతారు. అర అంగుళమేగా అనిపిస్తుంది. కానీ ముందు భాగానికి రెండు పక్కలు, వెనక భాగానికి రెండు పక్కలు. నాలుగు అరలు కలిసి చుట్టుకొలతలో 2 అంగుళాలు పెరిగిపోయాయి. పొరపాటు అద్దం ముందు నిలబడ్డాక గానీ బయటపడదు.

అప్పుడు మొదలవుతుంది టెన్షన్. "నాకు కటింగ్ రాదు", "నా చేతిలోనే లేదు" అని. నా దగ్గరకు వచ్చిన ఒకామె మిషన్ అమ్మేద్దామనే దాకా వెళ్లింది. ఒకే రకం గౌను చెల్లెలికి వరసగా కుడుతోంది, ప్రతిదీ ముందుదానికంటే వదులు. ఎవరో "మిషన్ బట్టను లాగేస్తోంది" అన్నారట, ఇంకెవరో "కత్తెర పదును లేకపోతే అలాగే సాగుతుంది" అన్నారట. ఇలాంటివి ఎవరు పుట్టిస్తారో తెలీదు గానీ, విన్నవాళ్లు పాపం కొత్త కత్తెర కొనేస్తారు. ఆమె కటింగ్ చూశాను, నూలు పట్టినట్టు ఉంది. కుట్టు కూడా శుభ్రంగా ఉంది. తేడా అంతా పుస్తకంలోనే. ఇద్దరం కూర్చుని పాత పేజీల్లో ప్రతి అంకె పక్కనా ఒంటి కొలతైతే 'ఒ', రెడీ కొలతైతే 'రె', కుట్టు కలిపి ఉంటే 'కు' అని రాశాం. ఏ అంకె ఏదో గుర్తు లేనివి అడ్డంగా కొట్టేశాం. పేజీలో సగానికి పైగా కొట్టివేతలే! ఆమె ఇప్పుడు తన పిల్లలకే కాదు, వీధిలో సగం మందికి కుడుతోంది. అప్పుడప్పుడు జిప్పు సరిగ్గా కూర్చోలేదని ఫోన్ చేస్తుంది, అది వేరే కథ.

బట్ట మారితే లూజు మారుతుంది, అది కూడా ఈ లెక్కలోదే. నేత కాటన్‌కు 34 ఒంటి మీద 36 రెడీ పెట్టినవాళ్లు, సాగే నిట్ బట్టతో ఒంటికి పట్టే టీషర్టు కుట్టాలంటే 34 కంటే తక్కువే పెట్టాల్సి రావచ్చు. ఇద్దరు మనుషులు కాదు, ఒకే మనిషి. అందుకని 'ఒ' అంకె మనిషి పేరు కింద, 'రె' అంకె బట్ట పేరు కింద ఉండాలి. రెండింటినీ ఒకే వరసలో కుక్కకండి. 'ఒ' పక్కన తేదీ తప్పనిసరి. పిల్లల విషయం ఎలాగూ తెలుసు. పెద్దవాళ్లు కూడా "నేనేం మారలేదు" అంటూనే మారుతుంటారు.

ఒక మంచి ఎంట్రీ ఎంత ఉండాలి అంటారా? ఇంతే:

"తేదీ. చెల్లి: ఛాతీ 34 ఒ. కాటన్ గౌను: ఛాతీ 36 రె. కుట్టు ½ విడిగా. పన్నా (బట్ట వెడల్పు) 44, ఉతికి కత్తిరించాను. సూది 14. ముందు చంక పావు అంగుళం లోతు చేశాను. వేసుకున్నాక: చెయ్యి ఎత్తితే బిగుతుగా లేదు, భుజం కొంచెం జారుతోంది. ఈసారి భుజం పావు తగ్గించాలి."

అన్నిటికంటే విలువైనది ఆ చివరి రెండు వాక్యాలు. చాలామంది ఆఖరి గుండీ కుట్టగానే పుస్తకం మూసేస్తారు. అప్పటికి బట్టను ఎవరూ వేసుకోలేదు, కూర్చోలేదు, వంగలేదు, ఉతకలేదు. మరి అందులో ఏం తెలిసినట్టు? ఒక వాడకం, రెండు మూడు ఉతుకులు అయ్యాక మళ్లీ పేజీ తెరిచి ఒక్క లైను రాయండి.

ఉతుకుడు మాట వచ్చింది కాబట్టి, బట్ట కుంచించుకుపోవడాన్ని "కొంచెం తగ్గింది" అని రాస్తే పనికిరాదు. కత్తిరించే ముందు 10 అంగుళాల చదరపు ముక్క తీసి, ఆ బట్టను మీరు మామూలుగా ఎలా ఉతుకుతారో అలాగే ఉతికి, ఆరబెట్టి కొలవండి. నిలువు 9½కి వచ్చిందంటే 5 శాతం పోయినట్టు. 40 అంగుళాల పొడవున్న గౌను 38కి దిగుతుంది. మగ్గం మీద నిలువు దారాలు లాగి బిగించి ఉంటాయి కనుక సాధారణంగా నిలువునే ఎక్కువ తగ్గుతుంది. అందుకే నిలువు, అడ్డం విడివిడిగా రాయాలి. ఆ ముక్కనే పేజీకి అంటిస్తే గుడ్డ శాంపిల్ కూడా అయిపోతుంది. అంటించే ముందు నిలువు దారం వైపు పెన్నుతో ఒక బాణం గుర్తు వేయండి.

ఇక మిగతావి.

"ఆది బట్ట ఉంటే రాయడం ఎందుకు?" ఆది బట్ట కొలత అంటే రెడీ కొలత, అదీ వాడి వాడి సాగిన రెడీ కొలత. మోచేతుల దగ్గర, పిరుదుల దగ్గర సాగి ఉంటుంది, పొడవు తగ్గి ఉంటుంది. ఆది తీసుకోండి, కానీ పుస్తకంలో "ఆది నుంచి" అని రాయండి.

"ఫొటో తీసి పెట్టుకున్నాను, చాలదా?" హ్యాంగర్‌కు తగిలించిన ఫొటో జ్ఞాపకానికి బాగుంటుంది, అంతే. వేసుకుని ముందు, పక్క, వెనక తీస్తే అప్పుడు ఉపయోగం. బట్ట ఎక్కడ బిగుతుగా ఉందో ముడతలు అటువైపే లాగుతూ కనిపిస్తాయి. లోపలి కుట్లు తిప్పి ఇంకో ఫొటో తీయండి. సూది నంబరు, దారం, లూజు ఏ ఫొటోలోనూ కనిపించవు, అవి రాయాల్సిందే.

"మీ మిషన్ టెన్షన్ (దారం బిగువు) నంబరు ఎంత అక్కా, రాసుకుంటాను." రాసుకుని లాభం లేదు. నా మిషన్‌లో 4, మీ మిషన్‌లో 4 ఒకటి కావు. మీ మిషన్‌లోనే దారం మారినా, టెన్షన్ పలకల మధ్య నూగు చేరినా 4 అర్థం మారిపోతుంది. అంకె రాసుకోండి, తప్పులేదు, కానీ దాని పక్కన ఆ బట్ట తుంపు మీదే రెండు పొరలు వేసి కుట్టిన శాంపిల్ పెట్టండి. పైదారం, బాబిన్ దారం వేర్వేరు రంగులైతే ఏది ఎటు లాగుతోందో ఎప్పుడు చూసినా తెలుస్తుంది. కుట్టు పొడవు మాత్రం ధైర్యంగా రాసుకోవచ్చు, ఏ కొలతలో అన్నది చెబుతూ. కొన్ని మిషన్లలో మిల్లీమీటర్లు ఉంటాయి, కొన్నింటిలో అంగుళానికి ఎన్ని కుట్లు అన్నది. 2.5 మిల్లీమీటర్లంటే అంగుళానికి దాదాపు 10 కుట్లు. సూదికి కూడా రెండు నంబర్లు ఉంటాయి: 90/14లో 90 అంటే సూది మందం 0.9 మిల్లీమీటర్లు. 75/11 సన్నం, 100/16 లావు. మొన కూడా రాయండి, నిట్‌కు బాల్ పాయింట్ (గుండ్రటి మొన) సూది వాడారో లేదో తర్వాత గుర్తుండదు.

"రాసుకునేది కొత్తవాళ్లు. చేయి తిరిగినవాళ్లకు అక్కర్లేదు." చేయి తిరిగినవాళ్లు ఎక్కువ మందికి కుడతారు. ఎక్కువ మంది కొలతలు తలలో పెట్టుకోగలరా? ఇంకేం చెప్పను.

"చెడిపోయినవి రాయడం ఎందుకు, చూస్తే బాధ." బాధ నిజమే, నేనూ కాదనను. ఆ వారం రాయకండి. కానీ బట్టను పారేసే ముందు ఎక్కడ చెడిందో ఒక్క ముక్క రాసి పెట్టండి. బాగా వచ్చినదాని పేజీ ఎవరూ మళ్లీ తెరవరు, చెడినదాని పేజీయే తెరుస్తారు.

"మంచి పుస్తకం కొన్నాక మొదలుపెడతా", "యాప్ ఏది బెస్ట్?" ఏదైనా సరే. ఫోన్‌లో అయితే కాపీ ఇంకోచోట కూడా ఉంచండి. పుస్తకమైతే జెల్ పెన్ వద్దు, ఇస్త్రీ దగ్గర నీళ్లు పడతాయి.

సగంలో ఆగిన పనులకు మాత్రం పుస్తకం చాలదు. కత్తిరించిన ముక్కలు మడిచి కవర్లో పెట్టేటప్పుడు వాటితో పాటే ఒక చీటీ ఉండాలి: ఎక్కడ ఆపారు, తర్వాత ఏం కుట్టాలి, ఏ సూది, ఏ దారం. ఆ చీటీని గుండుసూదితో గుచ్చకండి, నెలల తరబడి ఉంటే తుప్పు పట్టి మరక చేస్తుంది. దారంతో రెండు పెద్ద కుట్లు వేసి, కుట్టుకు వదిలిన అంచు మీదే తగిలించండి.