అడ్రస్ లేనివాడు అడ్రస్ ఎలా అడుగుతాడు?

వైఫై పాస్‌వర్డ్ కొట్టగానే ఫోన్‌లో ఒకట్రెండు సెకన్లు "ఐపీ అడ్రస్ తీసుకుంటోంది" అన్నట్టు ఏదో కనబడి పోతుంది చూశారా, నేను చాలా ఏళ్లు దాన్ని పట్టించుకోలేదు. తీరా చూస్తే అక్కడ జరిగేది భలే తమాషాగా ఉంటుంది. నెట్‌వర్క్‌లో నోరు తెరవాలంటే అడ్రస్ ఉండాలి, ఆ అడ్రస్ అడగాలంటేనేమో ముందు నోరు తెరవాలి. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు అన్నట్టు.

దీనికి కనిపెట్టిన ఉపాయం ఏంటంటే, గట్టిగా అరవడమే. కొత్తగా వచ్చిన మెషీన్ తన అడ్రస్ 0.0.0.0 అని, అంటే నాకింకా ఏమీ లేదని రాసుకుని, 255.255.255.255 కి, అంటే ఇక్కడున్న అందరికీ, ఒక మెసేజ్ వదుల్తుంది: ఇక్కడ అడ్రస్‌లు ఇచ్చేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని. అందరికీ చేరుతుంది గానీ 67వ పోర్ట్ (ఇలాంటి మెసేజ్‌లకి కేటాయించిన నెంబరు) దగ్గర చెవి పెట్టుకుని కూర్చున్న డీహెచ్‌సీపీ సర్వరే, అంటే అడ్రస్‌లు పంచేదే, జవాబిస్తుంది, ఇళ్లల్లో అయితే ఆ పని చేసేది రౌటరే. "192.168.1.23 ఖాళీగా ఉంది, కావాలా?" అంటుంది. మెషీన్ "ఆ, అదే ఇవ్వు" అని మళ్లీ అందరికీ వినబడేలా అంటుంది. ఇచ్చేది ఒక్కరే కదా, మళ్లీ అరవడం ఎందుకు అని నాకూ అనిపించింది, కానీ సర్వర్లు రెండు ఉండి ఇద్దరూ ఆఫర్ ఇచ్చారనుకోండి, వద్దనిపించుకున్నవాడికి కూడా ఆ మాట వినబడాలి కదా, అప్పుడే తన నెంబర్ వెనక్కి తీసుకుంటాడు. ఆఖర్న సర్వర్ సరే అనడంతో బేరం ముగుస్తుంది, దాంతోపాటే బయటికెళ్లే దారి ఏ రౌటర్, వెబ్‌సైట్ పేరు చెబితే దాని అడ్రస్ చెప్పే డీఎన్ఎస్ సర్వర్ ఏది అనే వివరాలూ వచ్చేస్తాయి.

ఇచ్చింది సొంతానికి కాదు, అద్దెకి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ipconfig /all అని కొట్టి చూడండి, లీజు ఎప్పుడు మొదలైందో ఎప్పుడు అయిపోతుందో టైముతో సహా ఉంటుంది. 24 గంటల లీజైతే మామూలుగా 12 గంటలకే మెషీన్ వెళ్లి ఇంకొన్నాళ్లు పొడిగించమంటుంది, జవాబు రాకపోతే 21వ గంటకి ఆ సర్వర్ని వదిలేసి మళ్లీ అందర్నీ అడగడం మొదలుపెడుతుంది.

దీనికి ముందు 1985లో వచ్చిన బూట్‌పీ అనే పద్ధతిలో ఈ అద్దె లేదు, ఏ మెషీన్‌కి ఏ నెంబరో ఎవరో ఒకరు ముందే పట్టీ రాసి పెట్టాలి. కొత్త కంప్యూటర్ వస్తే పట్టీలో ఇంకో లైను. డీహెచ్‌సీపీ 1993లో దాని మీదే కట్టారు, ఇప్పటికీ ఐపీవీ4 కి, అంటే పైన చూసినలాంటి నాలుగు నెంబర్ల అడ్రస్‌లకి, ఆధారంగా ఉన్న స్పెసిఫికేషన్ 1997లో రాల్ఫ్ డ్రోమ్స్ రాసింది.

ఇందులో నాకు నచ్చని సంగతి ఒకటుంది, జవాబిచ్చినవాడు ఎవడు అని అడిగే అలవాటు దీనికి లేదు. ఒకసారి కేబుళ్లు గుచ్చే పోర్టులు చాలట్లేదని మూలన పడున్న పాత రౌటర్ తెచ్చి నెట్‌వర్క్‌లో గుచ్చాను, దాన్లో డీహెచ్‌సీపీ ఆన్‌లో ఉందన్న సంగతే మర్చిపోయి. కాసేపటికి కొందరికి నెట్ వస్తోంది, కొందరికి రావట్లేదు, రీస్టార్ట్ చేస్తే వచ్చినవాళ్లకి పోయింది! ఆ పాత డబ్బా అసలు రౌటర్ కంటే ముందే పలికి, బయటికి దారి నేనే అని చెప్పేస్తోంది, దాని వెనకాల మాత్రం దారే లేదు. సగం రోజు కేబుళ్లు పీకి పెట్టడంలోనే పోయింది. ఆఫీసుల్లో నెట్‌వర్క్ కేబుళ్లన్నీ కలిపే స్విచ్‌లలో డీహెచ్‌సీపీ స్నూపింగ్ అని ఉంటుంది, అది ఇలాంటి దొంగ జవాబుల్ని ఆపడానికే.

ఎవరూ పలక్కపోతే? విండోస్ లాంటివి 169.254తో మొదలయ్యే నెంబర్ ఒకటి తమంతట తామే ఎంచుకుని, ఇది ఎవరైనా వాడుతున్నారా అని అడిగి, ఎవరూ నాదే అనకపోతే పెట్టేసుకుంటాయి. అలాంటివి రెండు పక్కపక్కన ఉంటే ఫైళ్లు కూడా పంపుకోగలవు, ఇంటర్నెట్ మాత్రం రాదు. అందుకే నెట్ రావట్లేదన్నప్పుడు నేను ముందు చూసేది ఆ మూడంకెలే. 169 కనబడిందంటే వెబ్‌సైట్‌నో బ్రౌజర్‌నో తిట్టుకోకుండా నేరుగా కేబుల్ దగ్గరికో రౌటర్ దగ్గరికో వెళ్లిపోతాను.